గవ్వలు లేని అష్టాచెమ్మా

ఆ ఎండాకాలం మా అత్త నోట ఒకే ఒక్క మాట మిగిలింది. "స్తోత్రం."

ఆకలేసినా స్తోత్రమే, కోపమొచ్చినా స్తోత్రమే. కూరలో ఉప్పు తక్కువైతే కంచం పక్కకు నెట్టి స్తోత్రం అనేది. పక్షవాతం ఆమె కుడి చేతినీ కుడి కాలినీ సగానికి సగం తీసుకుపోయి, మాటలన్నిట్లోకీ ఆ ఒక్కదాన్నే వదిలిపెట్టింది. చూడవచ్చిన సంఘస్థులు చేతులు జోడించి, "ఇంత జబ్బులో కూడా దేవుణ్ణి మహిమపరచడం మానలేదు చూడండి" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకునేదాన్ని. ఆ స్తోత్రాల్లో సగం తిట్లని నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె చేత తిట్లు తిన్నదాన్ని, రాగం పోల్చుకోలేనా?

మా అత్త పేరు రెబెక్కమ్మ. మాది వాకాడు దగ్గర ఊరు. గాలి తూర్పుకు తిరిగితే సముద్రపు హోరు వినబడుతుంది. మామగారు పోయాక చేను ఆమె పేరు మీదికి వచ్చింది. చేనుతో పాటు ఇంటి పెత్తనం కూడా. ఆమె మాటకు సంఘంలో పెద్దలే ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అలాంటి మనిషి ఫాల్గుణంలో కోత మిషను చేలోకి దిగుతున్నప్పుడు గట్టు మీద కూలబడిపోయింది. నెల్లూరులో డాక్టరు, "మాట పోయింది. అర్థం చేసుకునే శక్తి ఎంత మిగిలిందో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు. మా బావగారు సుశీల్ కుమార్, అంటే ఆమె పెద్దకొడుకు, ఆ మాటను "ఏమీ మిగల్లేదు" అని అర్థం చేసుకుని నెల్లూరులోని తన ఇంటికి వెళ్ళిపోయారు.

ఆయన్ను పూర్తిగా తప్పు పట్టలేను. అవునన్నా కాదన్నా ఆమె తల ఒకటే తీరుగా ఊగేది. అడ్డంగా ఊపబోతే నిలువుగా ఊగేది. అది తప్పని ఆమెకే తెలిసి, విసుగుతో కళ్ళు మూసుకునేది. చూసేవాళ్ళకు మాత్రం అన్నిటికీ ఒప్పుకునే ముసలామె కనబడేది.

మా పంచలో సిమెంటు గచ్చు మీద అష్టాచెమ్మా పటం ఉంది. ఇల్లు కట్టినప్పుడు, గచ్చు ఆరకముందే మామగారు తాపీతో గీయించిన ఇరవై ఐదు గళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని చుట్టూ కూర్చోవడం మా ఇంట్లో అన్నం తిన్నంత మామూలు. నాలుగు గవ్వలు వెయ్యాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు; నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. పడినన్ని గళ్ళు కాయను నడపాలి. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి చేరితే అది చచ్చి మళ్ళీ మొదటికి పోతుంది. ఇంటూ గుర్తు ఉన్న గడిలో కూర్చుంటే ఎవరూ చంపలేరు. అన్ని కాయలూ నడిమి గడికి చేర్చి ముందు పండించుకున్నవాళ్ళు గెలిచినట్టు. ఈ ఆటలోనే అత్త ఇంటి తీర్పులన్నీ చెప్పేది. ఎవరింట్లో ప్రార్థనకు ఎవరు వెళ్ళాలి, ఏ మడికి ముందు నీళ్ళు కట్టాలి, నా చీర రంగు ఎందుకు బాగాలేదు, అన్నీ.

జబ్బు చేశాక ఆట ఆగింది. వేసవి సెలవులు ఇచ్చాక మా అమ్మాయి డెబోరా మళ్ళీ గవ్వలు తీసింది. పక్కింటి ఆదిశేషమ్మ పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆమె, అత్త ముప్పై ఏళ్ళుగా పక్కపక్క చేలవాళ్ళు. ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా ఉన్న రోజు నేను చూడలేదు.

"అవ్వ గవ్వలేస్తే చాలు. కాయలు నేను నడుపుతా" అంది డెబోరా.

అత్త ఎడమ చేత్తో గవ్వలు వేసింది. మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ళ అవతల నా కాయ ఉంది. డెబోరా సంబరంగా ఆమె కాయను నడిపి నా కాయను చంపింది. అత్త దాని చేతి మీద ఒక్కటిచ్చింది.

"స్తోత్రం."

నా కాయను ఎక్కడ తీశారో అక్కడే పెట్టింది. తన కాయనూ వెనక్కి తెచ్చింది. వేరే కాయను మూడు గళ్ళు నడిపి, ఇంటూ గుర్తు ఉన్న గడిలో కూర్చోబెట్టి చేయి తీసేసింది.

"పాపం, ఏం చేస్తుండాదో ఆమెకు తెలియడం లేదమ్మే" అంది ఆదిశేషమ్మ పెద్దమ్మ.

నేనూ అలాగే అనుకున్నాను. కొంతసేపటికి నా కాయలు రెండు ఆ గడి దాటి వెళ్ళవలసి వచ్చింది. తప్పుకునే దారి లేదు. ఒకదాని తర్వాత ఒకటి చచ్చాయి. తలెత్తి చూస్తే అత్త నన్నే చూస్తోంది. పెదవి ఒక పక్కే కదిలింది, అయినా ఆ నవ్వు నాకు బాగా తెలిసినదే. నన్ను ఓడించినప్పుడల్లా నవ్వే నవ్వు.

సాయంత్రం మా ఆయన ఫ్రెడ్డీ చేను నుంచి రాగానే చెప్పాను. అతను కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"గవ్వలు ఎట్టా పడితే అట్టా ఆట. దాన్ని పట్టుకుని నువ్వు ఏవేవో అనుకోబాక షారన్" అన్నాడు.

*

ఆ తరువాతి ఆదివారం సుశీల్ బావగారు వచ్చారు. ఒక్కరే కాదు, వెంట నరేంద్రబాబు ఉన్నాడు. వెంకటాచలం దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉన్న మనిషి. మా వైపు చేలు కౌలుకు తీసుకుని రొయ్యల గుంటలు తవ్విస్తున్నాడు. వాగుకు అవతల అప్పటికే ఆయన గుంటలు మెరుస్తుండేవి.

బావగారు అత్త ముందు కుర్చీ వేసుకుని, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అన్నారు. "అమ్మా. చేను పదేళ్ళకు కౌలుకిస్తుండాం. గుంటలేసుకుంటారు. నిన్ను నెల్లూరు తీసకపోయి నర్సును పెడతా. సరేనా?"

అత్త ఆయన్ని చూసింది. నరేంద్రబాబును చూసింది. మెడ నరాలు బిగిశాయి. తల అడ్డంగా తిప్పడానికి ఆమె పడే యాతన నాకు కనిపిస్తూనే ఉంది. తల మాత్రం నిలువుగా ఊగింది.

"స్తోత్రం" అంది.

"చూసినారా, ఒప్పుకునింది" అన్నారు బావగారు. నరేంద్రబాబు ఆమె కాళ్ళకు దండం పెట్టాడు.

"ఒప్పుకోలేదు" అన్నాను నేను. కాఫీ గ్లాసుల పళ్ళెం చేతిలోనే ఉంది. "ఆమె వద్దంటుండాది బావగారూ. ఆ స్తోత్రం వేరే."

నరేంద్రబాబు మర్యాదగా పంచ చివరికి వెళ్ళి ఫోను చూసుకున్నాడు. బావగారు గొంతు తగ్గించారు.

"స్తోత్రంలో కూడా రకాలుంటాయా అమ్మా?"

"ఉండాయి. అష్టాచెమ్మాలో ఆమె ఎట్టా ఆడుతుండాదో ఒకసారి చూడండి. మతి పోయిన మనిషి అట్టా ఆడలేదు."

"కోతి చేతికి గవ్వలిచ్చినా అప్పుడప్పుడు అష్ట పడతాది." అని, నా వైపు చూడకుండానే అన్నారు, "నేను ఈమె దగ్గర కూర్చోలేకపోతుండా షారన్. మా అమ్మ ఎప్పుడో పోయింది. ఈడుండేది ఆమె వొళ్ళు. దాన్నన్నా బాగా చూసుకుందామని నా తపన."

మే నెలాఖరులో సోమవారం రిజిస్ట్రేషను పెట్టుకున్నారు. ఆమె సంతకం చెయ్యగల స్థితిలో లేదు కాబట్టి వేలిముద్ర. ఆఫీసులో ఆమెను ఒప్పుకున్నావా అని అడుగుతారు. ఆమె ఏమంటుందో అందరికీ తెలుసు.

వాళ్ళ కారు వెళ్ళగానే ఆదిశేషమ్మ పెద్దమ్మ గోడ అవతలి నుంచే మొదలుపెట్టింది. "గుంటల్లో ఉప్పునీళ్ళు నిలబెడితే నా మడిలో ఇంక గింజ మొలుస్తాదా? మీరు మీరు రాసేసుకుంటే మేం యాడికి పోవాల?"

ఫ్రెడ్డీ ఇంట్లోకి వచ్చి మంచం మీద పడుకున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"నీకూ ఇష్టమేనా?"

"కాలవ చివర చేను మనది. నీళ్ళు వొచ్చిన ఏడు వొస్తాయి, రాని ఏడు రావు. అలిసిపోయినా షారన్. అయినా అన్న చెప్పినాక నేనేం చెప్పేది?"

"అన్నకు చెప్పొద్దు. మీ అమ్మ వేలు పట్టుకుని ముద్ర వేయించేటప్పుడు నువ్వు ఏ పక్క నిలబడతావో అది చూసుకో."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

*

నేను బళ్ళో లెక్కలు చెప్తాను. బావగారు అన్న కోతి మాట నా బుర్రలోంచి పోలేదు. తప్పనడానికి లేదు. అష్టాచెమ్మాలో గెలిచినవాళ్ళ తెలివికి ఏ సాక్ష్యమూ ఉండదు. గవ్వలు పడితే గెలుస్తారు. సాక్ష్యం కావాలంటే ఆటే మారాలి. గవ్వల పాలు తగ్గి, ఎంచుకోవలసినవి పెరగాలి.

మర్నాడు మామగారు గీయించిన పటానికి చుట్టూ సుద్దతో ఇంకో వరుస గళ్ళు గీశాను. పక్కకు తప్పుకుని తిరిగి రావడానికి దారి దొరికింది. చీపురుపుల్లలు విరిచి మనిషికి రెండు ఇచ్చాను. అవి అడ్డుపుల్లలు. తన వంతు వచ్చినప్పుడు గవ్వలు వెయ్యకుండా, రెండు గళ్ళ నడుమ గీత మీద అడ్డుపుల్ల పెట్టుకోవచ్చు. పెట్టినవాళ్ళు తీసేదాకా ఎవరి కాయా ఆ గీత దాటకూడదు, చుట్టూ తిరిగి రావలసిందే. ఇంకొకటి, పడిన పందెం వెంటనే వాడుకోనక్కరలేదు. ఒక పందెం దాచుకుని, కావలసినప్పుడు తీసి ఆడుకోవచ్చు. ఎంత దాచుకున్నారో గుర్తుగా అన్ని చింతగింజలు పక్కన పెట్టుకోవాలి.

"ఇదేం ఆటమ్మే, తల నొస్తుండాది" అంది ఆదిశేషమ్మ పెద్దమ్మ. "ఉండే ఆట చాలదని దీనికి ఇంకో ఇల్లు కట్టినావా?"

అత్త ఎడమ చేతి వేలితో సుద్ద గీతల వెంట మెల్లగా పటం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. అడ్డుపుల్ల ఒకటి తీసుకుని ఒక గీత మీద పెట్టింది, తీసింది, ఇంకో గీత మీద పెట్టింది.

మొదటి రోజు ఓడిపోయింది. రెండో రోజూ ఓడిపోయింది. మూడో రోజు ఆడమంటే కర్ర అడ్డం పెట్టి మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. వడగాలి కొట్టే వేళ అందరం లోపల పడుకుంటే, తను మాత్రం తడి తువ్వాలు నెత్తిన వేసుకుని పంచలో ఖాళీ పటం ముందు కూర్చుంది. ఇది ఆమెకు అందడం లేదేమో, లేనిపోని పరీక్ష పెట్టి ఆమె ఓటమిని నేనే రుజువు చేస్తున్నానేమో అనిపించింది.

ఆ మరుసటి రోజు తనే కర్రతో గచ్చు మీద కొట్టి మమ్మల్ని పిలిచింది.

ఆ ఆట నాకిప్పటికీ గళ్ళతో సహా గుర్తుంది. నా చివరి కాయ నడిమి గడి దగ్గరికి వచ్చేసింది. దారికి అడ్డంగా అత్త పుల్ల ఉంది. చుట్టూ తిరిగి పోదామనుకుంటుండగా, ఆమె తన వంతులో గవ్వలు వెయ్యకుండా ఆ పుల్ల తీసేసింది. ఎందుకు తీసిందో నాకు అర్థం కాలేదు. ఇంకా ఆట తెలియలేదు పాపం అనుకుని, తెరిచిన దారిలో హాయిగా దిగాను. అప్పుడామె పక్కన దాచుకున్న ఎనిమిది చింతగింజలను ముందుకు తోసింది. వెలుపలి వరుసలో, నేను పట్టించుకోకుండా వదిలేసిన ఆమె కాయ లేచి, ఎనిమిది గళ్ళు నడిచి, నా కాయ నెత్తిన కూర్చుంది.

ఆదిశేషమ్మ పెద్దమ్మ నోరు తెరిచింది. "ఓసి రెబెక్కా, ఎప్పుడు నేర్చుకున్నావే ఇవన్నీ?"

గుమ్మంలో నిలబడి చూస్తున్న ఫ్రెడ్డీ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. అతను వచ్చి పటం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చచ్చిన నా కాయనూ, ఖాళీ గీతనూ, తల్లి ముఖాన్నీ చూశాడు.

"పుల్ల తీసింది నిన్ను రప్పించేదానికా?"

"మరి?"

"ఇది గవ్వల పని కాదు" అన్నాడు మెల్లగా. తర్వాత అత్తతో, "అమ్మా, నాతో ఆడు" అన్నాడు.

ఆ వారమంతా ఆడాడు. ఒక్కటీ గెలవలేదు. చేను నుంచి వచ్చీ రావడమే చొక్కా మార్చకుండా పటం ముందు కూర్చునేవాడు. ఆడుతూ ఆమెతో మాటలు కూడా మొదలుపెట్టాడు. కాలవకు గండి పడిందనీ, మోటారు మళ్ళీ కాలిందనీ. ఆమె ఒక్కో స్తోత్రం ఒక్కో తీరుగా అనేది. మోటారు సంగతి చెప్పినప్పుడు ఆమె అన్న స్తోత్రం విని ఫ్రెడ్డీ నా వైపు తిరిగి, "తిట్టింది కదా?" అన్నాడు. నేను తలూపాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

*

రిజిస్ట్రేషనుకు రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం బావగారు వచ్చారు. అత్త ఆఫీసుకు కట్టుకుని రావడానికి కొత్త చీర తెచ్చారు. కౌలు కాగితాలు సంచిలో ఉన్నాయి. చీర ఆమె ఒళ్ళో పెట్టారు. ఆమె దాన్ని ఒకసారి చూసి పక్కనున్న మంచం మీదికి జరిపింది.

"బావగారూ, ఒక్క ఆట ఆడండి ఆమెతో" అన్నాను.

"ఇప్పుడు ఆటలేంటి షారన్? రేప్పొద్దున ఆరాధన కాంగానే నేను బయల్దేరాల."

"ఆడన్నా" అన్నాడు ఫ్రెడ్డీ.

బావగారు తమ్ముడి వైపు చూశారు. ఫ్రెడ్డీ అన్నకు ఏదైనా చెప్పడం ఆయన వినడం అదే మొదలు కాబోలు. ఏమనుకున్నారో, ప్యాంటు పైకి లాక్కుని గచ్చు మీద కూర్చున్నారు. నేను అడ్డుపుల్లల సంగతీ, దాచుకునే సంగతీ చెప్పాను. ఆయన చదువుకున్న మనిషి, ఒక్కసారికే పట్టుకున్నారు.

ఆట మొదలైన కాసేపటికే అత్తకు వరసగా అష్ట, మళ్ళీ అష్ట పడ్డాయి. ఆమె కాయలు పరుగెత్తాయి. బావగారు చేతులు దులుపుకున్నారు.

"చెప్పినా కదా. గవ్వలు పడినాయి, అంతే. దీన్ని పట్టుకుని మీరంతా..."

అత్త ఆగిపోయింది. నేల మీది గవ్వలు నాలుగూ ఎడమ చేత్తో ఏరుకుంది. కర్ర పట్టుకుని లేచింది. డెబోరా సాయం పోబోతే ఒద్దన్నట్టు చూసింది. ఒక కాలు ఈడ్చుకుంటూ పంచ దిగి, దొడ్లో గేదెల కుడితి తొట్టి దాకా వెళ్ళి, గవ్వల్ని అందులో వేసేసింది.

ఆమె అంత దూరమూ మళ్ళీ నడిచి వచ్చింది. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. చింతగింజల డబ్బా గచ్చు మీద బోర్లించింది. ఒక గింజ విడిగా పెట్టింది. దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు, తర్వాత నాలుగు, చివర ఎనిమిది. అలాంటివే ఇంకో అయిదు కుప్పలు చేసి, పెద్దకొడుకు ముందుకు తోసింది. తన కాయలన్నీ తీసి మొదటి గడిలో పెట్టింది. తర్వాత ఒక కుప్పను పక్కకు జరిపి, కాయను అన్ని గళ్ళు నడిపి, ఆయన వైపు చూసింది.

"ఏందిది?" అన్నారు బావగారు.

నాకు అప్పటికి అర్థమైంది. "గవ్వల్లో పడే పందేలన్నీ ఇద్దరికీ సమానంగా పంచింది బావగారూ. ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట. ఏది ఎప్పుడు వాడుకోవాలో మన ఇష్టం. అన్నీ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇంక ఇందులో అదృష్టం లేదు."

"ఈ రూలు నువ్వు పెట్టినావా?"

"లేదు. నాకు తోచనే లేదు."

ఆయన ఆ కుప్పల్ని కాసేపు చూశారు. తర్వాత చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

ఆట సాగింది. బావగారు మొదట్లో త్వరత్వరగా ఆడారు. ఆమె తొందరపడలేదు. పెద్ద పందెం కావలసిన చోట ఒకటి వాడి, ఆయన ఊహించని చోట ఎనిమిది తీసేది. పొద్దు వాలేకొద్దీ ఆయన పటం మీదికి వంగిపోయారు. ఒకసారి ఆమె పుల్ల పెట్టిన చోటు చూసి, "అయ్యో" అని తనలో తాను నవ్వుకున్నారు. గోడ మీది నుంచి ఆదిశేషమ్మ పెద్దమ్మ తల కనిపించింది.

చివరికి బావగారి కాయలు రెండు పుల్లల మధ్య చిక్కుకున్నాయి. ఆయన దగ్గర ఎనిమిది కుప్ప ఒక్కటే మిగిలింది. నడవడానికి మూడే గళ్ళు ఉన్నాయి. ఆయన చేయి కాయ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"చిన్నప్పుడు కూడా ఇట్టనే చేసేది" అన్నారు, ఎవరితోనో చెప్తున్నట్టు. "నన్ను లోపలికి రానిచ్చి, వెనకాల తలుపేసేది. ఏడిస్తే, ఏడ్చి ఏం లాభం, చూసుకుని రావాల గదా అనేది."

అత్త ఆయన ముఖంలోకే చూస్తోంది.

ఆయన పటం మీంచి తన కాయ ఒక గాజుముక్కనూ, ఆమె కాయ ఒక గులకరాయినీ తీసుకున్నారు. రెండు అరచేతుల్లో పెట్టి ఆమె ముందు చాపారు. ఈసారి గొంతు పెంచలేదు.

"అమ్మా. గాజుముక్క అంటే చేను ఇచ్చేసేది. రాయి అంటే ఇయ్యకుండా ఉండేది. నువ్వు ఏదంటే అది."

ఆమె రాయిని ముట్టుకుంది.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని, అటుదిటు మార్చి మళ్ళీ చాపారు. ఆమె మళ్ళీ రాయినే ముట్టుకుంది. ఆయన మూడోసారి చేతులు వెనక్కి పెట్టబోతే, ఆమె చటుక్కున ఆ మణికట్టు పట్టుకుని, గాజుముక్క లాక్కుని వాకిట్లోకి విసిరేసింది.

"స్తోత్రం" అంది.

ఆ స్తోత్రం ఎలాంటిదో నేను చెప్పవలసిన పని లేకపోయింది. బావగారు సంచిలోంచి సగం బయటికి వచ్చిన కాగితాలను లోపలికి నెట్టి, జిప్పు లాగారు.

"కొంచెం కాఫీ ఇయ్యమ్మా" అన్నారు నాతో.

*

సోమవారం పొద్దున్నే నరేంద్రబాబు కారుతో వచ్చాడు. ఆఫీసుకు అందరం తన కారులోనే పోవచ్చని ముందే అనుకున్నారు. బావగారు ఆదివారం వెళ్ళలేదు, ఇక్కడే ఉన్నారు. విషయం చెప్పారు. నరేంద్రబాబు మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

"మతి తప్పిన ముసలామె చింతగింజలాట ఆడి ఒద్దనిందా? ఎవురికన్నా చెప్తే నవ్వుతారు సార్."

"నవ్వనీండి" అన్నారు బావగారు.

"మీరు నాకు మాటిచ్చినారు. వాగు వైపు చేలు రెండూ మాట్లాడేసినా. నడిమిది లేకపోతే నాకు ఎట్టా?"

"మాటిచ్చింది నేను. చేను నాది కాదు. ఆమెనడగండి."

నరేంద్రబాబు గొంతు మార్చి, అత్త కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగాడు. "ఏం పెద్దమ్మా, నిన్ను మీ పిల్లలు గాలికొదిలేస్తుండారు, నేనుండా కదా. గుంటలేసుకుందామా?"

అత్త ఆ ఒక్క మాట కూడా ఆయన మీద ఖర్చు పెట్టలేదు. కర్ర అందుకుని లేచింది. పంచ మెట్లు దిగింది. వాకిలి దాటి గేటు దాకా నడిచింది. ఆ నడక ఎంతసేపు పట్టిందంటే, ఈ లోపల నరేంద్రబాబు రెండుసార్లు ఏదో అనబోయి ఆగాడు. ఫ్రెడ్డీ ముందుకు కదిలితే నేను చేయి పట్టుకుని ఆపాను. ఆమె గేటు గొళ్ళెం ఎడమ చేత్తో తీసి, రెక్కను బార్లా తెరిచి, దాన్ని పట్టుకుని నిలబడింది.

పొద్దు నెత్తికెక్కుతోంది. ఆమె కుడి కాలు వణుకుతోంది. గేటు మాత్రం వదల్లేదు.

నరేంద్రబాబు మా అందరి ముఖాలూ చూశాడు. ఆయన తల వంచుకుని ఆమె పక్క నుంచే బయటికి నడవవలసి వచ్చింది.

ఆ రెండు చేలవాళ్ళలో ఒకాయన ఆ వేసవిలోనే తన చేను ఇచ్చేశాడు. అక్కడ గుంటలు తవ్వారు. మా చేను అడ్డం ఉండబట్టి ఉప్పునీళ్ళు ఆదిశేషమ్మ పెద్దమ్మ మడి దాకా రాలేదు. మమ్మల్ని తిట్టుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే. ముసలామెను అడ్డం పెట్టుకుని కోడలు ఇల్లేలుతోందన్నారు. సంఘంలో కూడా అన్నారు. అననీలే అనుకున్నాను. ఇల్లు ఎవరు ఏలుతున్నారో మా ఇంటికొచ్చి ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

అక్టోబరులో వానలు పట్టాయి. నారుమడి దున్ని సిద్ధం చేశాక, ఫ్రెడ్డీ కొట్లోంచి మూడు రకాల విత్తనాలు తెచ్చి పళ్ళెంలో మూడు కుప్పలుగా పోసి అత్త ముందు పెట్టాడు. అంతకు ముందైతే ఆమె చెప్పేది, అతను వేసేవాడు. జబ్బు చేశాకైతే ఆమెను అడిగే పనే ఉండేది కాదు. ఇప్పుడు అడిగి, ఎదురు చూడడం నేర్చుకున్నాం. ఎంతసేపైనా సరే, ఆమె తరఫున ఎవరమూ జవాబు చెప్పం.

ఆమె ఒక కుప్పలోంచి గింజ తీసి కొరికింది. ఇంకో దాన్ని వాసన చూసింది. మూడో దాన్ని ముట్టుకోలేదు. పళ్ళెం మొత్తం పక్కకు నెట్టేసింది.

"మరి ఏది కావాలమ్మా?" అని ఫ్రెడ్డీ తనకు తెలిసిన రకాల పేర్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. కొత్తవి అయిపోయాయి, పాతవాటిలోకి దిగాడు. "మొలకొలుకులు" అన్నప్పుడు కర్ర టక్కుమని నేలకు తగిలింది.

"అది ఇప్పుడు యాడ దొరకతాదమ్మా? ఎవురూ వెయ్యడం లేదు. పంట కాలం జాస్తి, దిగుబడి తక్కువ."

ఆమె కదల్లేదు. ఫ్రెడ్డీ నా వైపు చూశాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. అతను కాసేపు తల గోక్కుని, లేచి, బండి బయటికి తీశాడు.

"గూడూరు వైపు అడిగి చూస్తా" అన్నాడు.

అత్త కర్ర ఎత్తి పొద్దు వైపు చూపించింది. అది వాలేలోగా తెమ్మని.